ఒక్క నిమ్మపండు ముందు

ఎడువార్ మానే 1880లో వేసిన ‘నిమ్మపండు’ బొమ్మ మొదటిసారి ఒక పుస్తకంలో కనబడినప్పుడు రెండు సెకన్లలో పేజీ తిప్పేశాను. ముదురు రంగు పళ్ళెం, అందులో ఒక పండు. అంతే. అంత పేరున్న చిత్రకారుడు ఊరికే వేస్తాడా అనిపించి, మళ్ళీ వెనక్కి తిప్పి అర్థాలు వెతకడం మొదలుపెట్టాను. ఒంటరితనమా? చావు భయమా? (అప్పటికే ఆయన జబ్బుతో ఉన్నాడని, 1883లో పోయాడని చదివాక ఈ పిచ్చి ఇంకా ముదిరింది.) ఏదీ అతకలేదు.

కొలతలు చూస్తే 14 సెంటీమీటర్ల ఎత్తు, 22 సెంటీమీటర్ల వెడల్పు. ఇంతే కదా, నేనూ వేసి చూద్దామనుకున్నాను.

పళ్ళెంలో నిమ్మపండు పెట్టి కిటికీ పక్కన కూర్చున్నాను. పండంతా పసుపు పూస్తే బిళ్ళలా వచ్చింది. నీడ వైపు కాస్త నలుపు కలిపాను. పసుపు కాస్తా పాచి రంగుకి తిరిగింది. మొత్తం పాడుచేశానని టెన్షన్ పడుతూ తలెత్తి చూద్దును కదా, పండు మీద నీడ అచ్చం ఆ రంగులోనే ఉంది! నిమ్మపండంటే పసుపేనన్న ధీమాతో అంతవరకూ దాని వంక సరిగ్గా చూడనేలేదు.

తర్వాత మెరుపు దగ్గర ఇరుక్కుపోయాను. యాపిల్ మీదైతే కిటికీ వెలుగు ఒక్కచోట తెల్లగా నిలుస్తుంది. నిమ్మతొక్క నిండా సన్నటి గుంటలు కదా, వెలుగు చుక్కలు చుక్కలుగా చెదిరిపోతుంది. పట్టుదలగా ఒక్కో గుంటా వేస్తూ పోతే పండుకి అమ్మవారు పోసినట్టు తయారైంది. బొమ్మలు వేసే స్నేహితుడొకడు చూసి, “కళ్ళు సగం మూసి చూడరా. అప్పుడు ఏం మిగిలితే అదే వెయ్యి” అన్నాడు. మూసి చూస్తే గుంటలు మాయం. వెలుగు, పసుపు, నీడ, మూడే మిగిలాయి.

అప్పుడు మళ్ళీ మానే బొమ్మ తీశాను. ఆయన గుంటల లెక్క పెట్టుకోనేలేదు, కుంచె గరుకులోనే తొక్క తెలిసిపోతోంది. చుట్టూ అంత ముదురు రంగు ఉంది కాబట్టే ఆ పసుపు అలా వెలుగుతోంది. నేనేమో తెల్ల పళ్ళెం పెట్టుకున్నాను. ఆ పళ్ళెం అంచునే చూస్తూ ఎంతసేపు కూర్చున్నానో, టీ చల్లారిపోయింది.

నా కాగితం చూసి మా అమ్మాయి, “బంగాళాదుంపా నాన్నా?” అంది. పళ్ళెం మార్చి మళ్ళీ మొదలుపెట్టాను.