తాతగారి ట్రస్ట్ డీడ్‌లో ఒక్క వాక్యం మార్చడానికి

మా తాతగారు కొబ్బరి తోటను, వ్యాపారాన్ని పంచకుండా ట్రస్ట్‌గా రాసి రిజిస్టర్ చేయించారు. ట్రస్టీలం పెదనాన్నగారు, నాన్నగారు, నేను. లబ్ధిదారులు మనవలు, మనవరాళ్లు అందరూ. వ్యాపారం గురించి డీడ్‌లో ఉన్నది ఒకటే ముక్క: ‘కొబ్బరికాయలు, కురిడీల క్రయవిక్రయములు’. అంబాజీపేట మార్కెట్‌కి కాయ తోలినన్నాళ్లూ అది సరిపోయింది.

కాయ వలిచాక డొక్కలు ఊరికే పోతున్నాయి, పీచు యూనిట్ పెడదామని లోన్‌కి వెళ్లాం. మేనేజర్‌గారు ఆ వాక్యం కింద పెన్సిల్‌తో గీత గీసి, “ఇందులో పీచు లేదండి” అన్నారు.

ముగ్గురం తీర్మానం రాసి సంతకాలు పెట్టేస్తే చాలనుకున్నారు పెదనాన్నగారు. లాయర్‌గారు ఒప్పుకోలేదు. డీడ్‌ని ఎలా సవరించాలో తాతగారు ఎక్కడా రాయలేదు, ఆయన ఇప్పుడు లేరు. 1882 నాటి ఇండియన్ ట్రస్ట్స్ చట్టం సెక్షన్ 11 ప్రకారం ట్రస్టీలు ట్రస్ట్ పెట్టినవారి ఆదేశాలను పాటించి తీరాలి. వాటిని మార్చాలంటే లబ్ధిదారులందరూ సమ్మతించాలి, అదీ ఒప్పందం చేసుకునే అర్హత ఉన్నవాళ్లయి ఉండాలి. (ఇది మాలాంటి ప్రైవేట్ ట్రస్టుల సంగతి. ధర్మసంస్థలకు, దేవాదాయానికి ఈ చట్టం వర్తించదు.)

పెద్ద పిల్లలందరూ సంతకాలు చేశారు. మా బాబాయిగారి అమ్మాయి మాత్రం ఇంకా పదో తరగతి. “తండ్రిని నేనున్నాగా, నేను పెడతా” అన్నారు బాబాయి. కుదరదన్నారు లాయర్‌గారు. మైనర్ తరఫున ఆ సమ్మతి ఇవ్వాల్సింది కోర్టేనట. అప్పుడు టెన్షన్ పట్టుకుంది. ఊళ్లో చాలామంది “చిన్నపిల్ల కోసం ఇంత తతంగమా” అన్నారు. నాకైతే ఆ నియమం చాలా న్యాయంగా అనిపించింది. పెద్దవాళ్లందరం ఒకటైపోయినప్పుడు ఆ పిల్ల వాటా గురించి అడిగేవాళ్లు ఒకరుండాలి కదా!

రాజమండ్రి జిల్లా కోర్టులో పిటిషన్ వేశాం. జడ్జిగారు వ్యాపారం గురించి పెద్దగా అడగలేదు. యూనిట్ నష్టపోతే పాపకు మిగిలేదేమిటని మాత్రం గట్టిగా అడిగారు. తోటను తాకట్టు పెట్టబోమని, అప్పు యంత్రాల మీదే తీసుకుంటామని అఫిడవిట్ ఇచ్చాం, పాత లెక్కలూ దాఖలు చేశాం. తర్వాత సమ్మతి ఉత్తర్వు వచ్చింది.

ఆ పైన పని తేలికే. అసలు డీడ్‌ని దిద్దకుండా, దాని నంబరు, తేదీ చెబుతూ అనుబంధ దస్తావేజు రాయించాం. వ్యాపారం వాక్యంలో ‘కొబ్బరి పీచు తయారీ’ చేర్చి, ఎవరి వాటా ఎంతో ఉన్నది ఉన్నట్టే ఉంచాం. తోటను తాకట్టు పెట్టరాదన్న షరతు కూడా అందులోనే రాయించాలని నేను పట్టుబట్టాను. కోర్టు ఉత్తర్వు నకలు జతచేసి, సాక్షులతో సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించాం. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో వివరాలు మారితే 15 రోజుల్లో తెలియజేయాలి కాబట్టి, కొత్త సరుకుల వివరాలు ఆడిటర్‌గారు వెంటనే ఎక్కించారు. రిజిస్టరైన కాపీ పట్టుకుని పెదనాన్నగారే స్వయంగా బ్యాంకుకు వెళ్లొచ్చారు.