రిఫ్లక్స్‌లో దాక్కున్న ఫ్లూ

అమెరికాలో కౌంటీ, స్టేట్ హెల్త్ డిపార్ట్‌మెంట్ల డేటా ఉద్యోగాల్లో చేరే మనవాళ్లకు మొదటి వారంలోనే తగిలే పేరు ఎసెన్స్. జాన్స్ హాప్‌కిన్స్ అప్లైడ్ ఫిజిక్స్ ల్యాబ్‌లో పుట్టిన సాధనం. ఇప్పుడు అమెరికా రోగ నియంత్రణ సంస్థ సీడీసీ చేసే సిండ్రోమిక్ సర్వైలెన్స్‌కు, అంటే రోగం నిర్ధారణ కాకముందే లక్షణాలను బట్టి వ్యాప్తిని కనిపెట్టడానికి, అదే ఆధారం. ఎమర్జెన్సీలో రోగి రిజిస్టరైతే ఆసుపత్రి కంప్యూటర్లు సమాచారం పంపుకునే హెచ్ఎల్7 ఫార్మాట్‌లో మెసేజ్ బయల్దేరి, మామూలుగా 24 గంటల్లోపు మన స్క్రీన్ మీద ఉంటుంది. పేరుండదు. వయసు, జిప్ కోడ్, వచ్చిన టైము, ఛీఫ్ కంప్లెయింట్ (ఏ బాధతో వచ్చారో) ఉంటాయి. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగక్కర్లేదు, అదే దీని బలం.

తిప్పలన్నీ ఆ ఛీఫ్ కంప్లెయింట్‌తోనే. ఎవరిని ముందు చూడాలో తేల్చే ట్రయాజ్ నర్సు హడావిడిగా కొట్టిన రెండు మూడు మాటలవి. ఇంగ్లీషులో ఎఫ్, ఎల్, యు అని మూడక్షరాలు వెతికితే ఫ్లూతో పాటు ఫ్లూయిడ్, ఫ్లట్టర్, చివరికి రిఫ్లక్స్ (కడుపులో ఆమ్లం పైకి తన్నడం) కూడా వచ్చి పడతాయి. రిఫ్లక్స్ ఉన్న విజిట్లన్నీ తీసేద్దామంటే, రిఫ్లక్సూ ఫ్లూ రెండూ ఉన్నవాడూ పోతాడు. ముందు ఆ మాటను మాత్రం చెరిపి, మిగిలినదాంట్లో వెతకాలి. ‘డినైస్ ఫీవర్’ అని రాస్తే జ్వరం లేదని అర్థం. మాటల్ని వెతికే క్వెరీకి మాత్రం జ్వరమే కనిపిస్తుంది. ఇండియా నుంచి వచ్చిన అమ్మగారు ‘వేడి చేసింది’ అంటే, కొడుకు దాన్ని ‘హీట్’ అని చెబితే, జులైలో ఆవిడ వడదెబ్బ లెక్కలో చేరిపోవచ్చు!

ఇక అలర్టు, అంటే కేసులు మామూలు కంటే పెరిగాయనే హెచ్చరిక. సీ2 అనే లెక్క పద్ధతిలో నిన్నా మొన్నా వదిలేసి, వాటికి ముందు 7 రోజుల సగటు తీసుకుంటారు. ఆ రెండు రోజులూ కలిపితే అప్పుడే మొదలైన వ్యాప్తే సగటును పెంచేసి తనను తాను దాచుకుంటుంది. చిన్న కౌంటీలో ఆ 7 రోజుల వాంతుల కేసులు 3, 4, 2, 3, 5, 3, 4 అనుకోండి. సగటు 3.4, ప్రామాణిక విచలనం (అంకెలు సగటుకు ఎంత అటూ ఇటూ ఉంటాయో చెప్పే కొలత) దాదాపు 1. సగటుకు మూడు విచలనాలు కలిపితే 6.4. అంటే ఇవాళ 7 మంది వస్తే చాలు, ఎరుపు వెలుగుతుంది.

వెలగ్గానే రోగం అనుకోకండి. ఆసుపత్రుల వారీగా విడదీయండి. కొత్త ఆసుపత్రి చేరిందా, ఎవరి నుంచైనా డేటా ఫీడ్ ఆగిందా? మొత్తం విజిట్లలో శాతం చూడండి; సోమవారం రద్దీ ఎప్పుడూ ఎక్కువే. డయాగ్నోసిస్ కోడ్లు రోజుల తర్వాత ఏ08 అనే అప్‌డేట్ మెసేజ్‌లలో వస్తాయి గనక, వాటి మీద గీసిన గ్రాఫ్ చివర్లో ఎప్పుడూ కిందికి జారినట్టే ఉంటుంది. దాన్ని చూసి ‘తగ్గుతోంది’ అని మేనేజర్‌కి మెయిల్ పెట్టేయడం కొత్తవాళ్లు చేసే తప్పు.

అప్పుడు ఒక్కో రోగి వరుసా చదవాలి. ఏడుగురిలో నలుగురు ఒకే జిప్ కోడ్, ఒకే గంటలో వచ్చారంటే ఒకే ఇంటి భోజనం కావచ్చు. వేర్వేరు ఊళ్లవాళ్లయితే ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ వాళ్లకు ఫోన్ చేయాలి. మెడికల్ రికార్డు నంబర్లు ముందే రాసి పెట్టుకోండి. పేర్లు మన దగ్గర ఉండవు, చార్టు తీయాల్సింది వాళ్లే.