మూడు తలలు, మూడు పోనీటెయిల్స్

ఈ రోజు పొద్దున ఆరున్నరకే అక్క తన కూతుర్ని మా ఇంట్లో దింపి వెళ్లింది. పిల్లకీ మా అమ్మాయికీ పది గంటలకి పరుగు పందెం. ఇద్దరూ అద్దం ముందు కూర్చుని ఒకటే మాట, "నెత్తి మీదికి ఎత్తుగా పోనీటెయిల్ కావాలి". అడిగింది ఒకటే అయినా ఆ రెండు తలలకీ పోలికే లేదు. అక్క కూతురిది మెలికలు మెలికలుగా ఉంగరాల జుట్టు. మా అమ్మాయిది గుప్పెట్లో పట్టనంత ఒత్తు. ఇక నాదంటారా, పలచగా, పట్టుదారంలా జారిపోయేది.

ముందు చిన్నదాన్ని కూర్చోబెట్టాను. దువ్వెన తీయగానే "పిన్నీ, అది వద్దు, నొప్పి" అంటూ రెండు చేతులతో తల కప్పేసుకుంది. నాకు గుండె కలుక్కుమంది. ఎవరో పొడి జుట్టు మీదే బరబరా దువ్వేసి ఉంటారు. ఉంగరాల జుట్టు ఎండగానే ఉంటుంది, తల్లో ఊరే నూనె ఆ మెలికలన్నీ దిగి కొసల దాకా చేరదు మరి. పైగా వంపు తిరిగిన చోటే తెగుతుంది. దువ్వెన పక్కన పెట్టి, కాస్త నీళ్లు చిలకరించి, చిటికెడు కండిషనర్ అరచేతుల్లో రాసుకుని వేళ్లతోనే చిక్కు తీశాను. మరీ తడిపేయలేదు. తడిసిన వెంట్రుక సాగుతుంది, సాగినప్పుడు బిగిస్తే తెగుతుంది.

రబ్బర్ బ్యాండులోంచి అంత జుట్టూ లాగితే మళ్లీ ఏడుపే. అందుకని బూట్లతో అదనంగా వచ్చిన లేసొకటి ఉంటే, దాన్ని తల చుట్టూ ముందు నుంచి వేసి, నెమ్మదిగా పైకి చేర్చి, నాలుగు చుట్లు తిప్పి ముడేశాను. జుట్టు దేంట్లోంచీ దూరే పనే లేదు. నడినెత్తిన ఉంగరాలన్నీ ఒక్కసారి విప్పారాయి. చెవి దగ్గర ఒక్క ఉంగరం మాత్రం జారి చెంప మీద స్ప్రింగులా ఊగుతోంది. లోపలికి దోపబోయి ఆగిపోయాను. దానికదే అందం.

మా అమ్మాయి తల దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి ఇప్పటికీ కాస్త వణుకుతుంది. కొన్నాళ్ల క్రితం దాకా నీటుగా ఉండాలని నున్నగా, కళ్లు పైకి లాగేసేంత బిగించి కట్టేదాన్ని. సాయంత్రం "అమ్మా, నెత్తి నొప్పి" అంటే ఎండకేమో అనుకునేదాన్ని. ఆ నొప్పికి వైద్యంలో పేరే ఉంది. 2018 నాటి అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణలో, జుట్టు లాగుడు వల్ల వచ్చే తలనొప్పి విడిగా రాసి ఉంది, విప్పిన గంట లోపల తగ్గిపోతుందని కూడా. నొప్పితో పోలేదు. కణతల దగ్గర వెంట్రుకలు పలచబడ్డాయి. చర్మ వైద్యురాలు చూసి ట్రాక్షన్ అలోపీసియా, అంటే పదే పదే లాగడం వల్ల జుట్టు ఊడిపోవడం అన్నారు. తొందరగా గుర్తించి లాగడం మానేస్తే మళ్లీ వస్తాయి, ఏళ్ల తరబడి సాగితే కుదుళ్లే చచ్చిపోతాయి అని చెప్పారు. ఆ రోజు నుంచీ బిగువు అన్నమాటే మర్చిపోయాను.

ఒత్తు జుట్టుకి అసలు చిక్కు బరువు. అంతా ఒకే బ్యాండు మీద వేలాడితే కుదుళ్లు లాగుతాయి. అందుకే సగం జుట్టు పైన ఒక బ్యాండుతో కట్టి, కింది సగాన్ని దానికి కలిపి రెండోది వేశాను. బరువు రెండింటికీ పంచుకుంది. చేర్చేటప్పుడు తల కాస్త వెనక్కి వాల్చమన్నాను, లేకపోతే తల దించగానే మెడ దగ్గర జుట్టు ఉబ్బుతుంది. ఎత్తు ఎక్కడంటే, గడ్డం నుంచి చెవి మీదుగా ఊహించిన గీత నెత్తి మీద ఎక్కడ తేలితే అక్కడ.

నాది అయిదు నిమిషాల పని. నిన్న తలస్నానం చేసిన జుట్టు కాబట్టి పట్టు దొరికింది, ఇవాళే చేసుంటే జారిపోయేది. ఒకదాని కింద ఒకటి రెండు చిన్న పోనీలు వేసి, పైదాన్ని కిందిదాని మీద పరిచాను. చూసేవాళ్లకి ఒకటే, పొడుగ్గా. సన్నటి పాయ ఒకటి బ్యాండు చుట్టూ తిప్పి, పిన్ను వంకరల వైపు తలకి ఆనేలా గుచ్చాను.

గ్రౌండులో పిల్లలు పరుగెత్తుతుంటే నా కళ్లు వాళ్ల జుట్టు మీదే. తల పైకీ కిందికీ ఎగురుతుంటే తోక మాత్రం అటూ ఇటూ ఊగుతుంది! గణిత శాస్త్రవేత్త జోసెఫ్ కెల్లర్ 2010లో దీన్ని లెక్కలతో విడమరిచారు: తల ఎగిరేటప్పుడు నిలువుగా వేలాడే తోక నిలకడ తప్పి పక్కలకి ఊగుతుందట. పోనీటెయిల్ ఆకారం మీద పనిచేసిన మరో ముగ్గురితో కలిపి ఆయనకి 2012లో ఇగ్ నోబెల్ ఇచ్చారు, ముందు నవ్వించి తర్వాత ఆలోచింపజేసే పరిశోధనలకిచ్చే సరదా బహుమతి అది. మా అమ్మాయిది సరిగ్గా అలాగే ఊగింది. చిన్నదాని ఉంగరాలు మాత్రం ఊగలేదు, గెంతాయి. ఇద్దరికీ బహుమతి రాలేదు. ఒక్కరు కూడా తల పట్టుకోలేదు, అది నాకు చాలు.

రాత్రి ఇద్దరివీ విప్పాను. చిన్నదానికి శాటిన్ స్క్రంచీతో (నున్నటి గుడ్డ తొడిగిన మెత్తటి బ్యాండు) నెత్తి మీద వదులుగా ఒకటే చుట్టు వేసి పడుకోబెట్టాను, ఉంగరాలు దిండు కింద నలక్కుండా. మా అమ్మాయి కణతల మీద వేలు రాసి చూశాను. జుట్టు నెలకి సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. అక్కడ ఇప్పుడు వేలెడు పొడవున మెత్తటి వెంట్రుకలున్నాయి.