గుట్టు దాచే గణితం

ఈథీరియం అనే క్రిప్టో నెట్‌వర్క్ లెక్కల పుస్తకం అందరికీ తెరిచే ఉంటుంది. అక్కడి నాణెమైన ఈథర్‌ను ఎవరికైనా ఒక్కసారి పంపితే చాలు, మీ వాలెట్ చిరునామా చేతికందిన ఆ మనిషి మీ దగ్గర ఎంత నిల్వ ఉందో, ఏ టోకెన్‌లో నష్టపోయారో తీరిగ్గా చదువుకోగలడు. బ్యాంకు పాస్‌బుక్కును వీధి అరుగు మీద తెరిచిపెట్టడం లాంటిదే ఇది.

ఈ చిక్కుకు 2019లో ఈథీరియంపై వచ్చిన టొర్నేడో క్యాష్ (ఎవరు వేసింది ఎవరు తీశారో తెలియకుండా అందరి జమలనూ కలిపేసే సేవ) చూపిన ఉపాయం నాకు ఇప్పటికీ ముచ్చటగానే అనిపిస్తుంది. జమ చేసేవారు తమ కంప్యూటర్‌లోనే రెండు రహస్య సంఖ్యలు తయారుచేసుకుని, వాటి హాష్‌ను (అసలు సంఖ్యలను వెనక్కి రాబట్టలేని గణిత ముద్రను) మాత్రమే 0.1, 1, 10 లేదా 100 ఈథర్‌తో పాటు కాంట్రాక్టుకు (ఈథీరియంపై తనంతట తానే నడిచే ప్రోగ్రాముకు) అందజేస్తారు. ఆ హాష్, జమలన్నిటి హాష్‌లనూ కలిపి ఒకే హాష్‌గా కుదించే మెర్కిల్ చెట్టులో ఒక ఆకుగా చేరుతుంది. కొన్నాళ్లకు వేరే చిరునామాకు సొమ్ము తీసుకునేటప్పుడు, ఈ ఆకుల్లో ఒకదాని రహస్యం తమకు తెలుసునని, అది ఏ ఆకో చెప్పకుండానే, జీరో నాలెడ్జ్ ప్రూఫ్‌తో రుజువు చేస్తారు. ఒకే జమను రెండుసార్లు తీసుకోకుండా నల్లిఫయర్ హాష్ (ఆ రహస్య సంఖ్యల్లో ఒకదాని ముద్ర; సొమ్ము తీసుకునేటప్పుడు నమోదవుతుంది) అడ్డుపడుతుంది. మొత్తాలను ముందే ఎందుకు ఖాయం చేశారంటే, 7.38 ఈథర్ వేసి అంతే తీసుకునేవారిని ఏ గణితమూ దాచజాలదు. (జమ చేసిన పది నిమిషాలకే తీసుకునే తొందరపాటువారిని కూడా.)

దొంగ సొమ్ము కూడా ఇదే దారి పట్టడంతో అమెరికా ట్రెజరీ 2022 ఆగస్టులో ఆంక్షలు విధించి, 2025 మార్చిలో ఎత్తివేసింది. నిషేధం కన్నా, ఈథీరియం సహవ్యవస్థాపకుడు విటాలిక్ బుటెరిన్ సహరచయితగా 2023లో వచ్చిన ప్రైవసీ పూల్స్ పత్రంలోని ఆలోచనే నాకు సబబుగా తోస్తుంది: తమ జమ ఏదో బయటపెట్టకుండానే, అది మచ్చలేని జమల జాబితాలో ఉందని మాత్రం వినియోగదారులు నిరూపించగలరు. ఆ జాబితా ఎవరు తయారుచేయాలన్న దగ్గరే అసలు పేచీ.