పటాలం తాత స్వెట్టర్

పదకొండున్నర అయింది. టీవీ కట్టేసి గంటైనా ఆ సినిమాలో కుర్రాడి ముఖం కళ్ళముందు నుంచి పోవడం లేదు. దానికి తోడు మా అపార్ట్‌మెంట్ గ్రూపు.

వాచ్‌మన్ వెళ్ళిపోయాడు. శనివారం రాత్రి, చెప్పాపెట్టకుండా, పెళ్ళాంబిడ్డలతో సహా. అప్పట్నుంచి గ్రూపులో ఒకటే మాట, "పారిపోయాడు" అని. జీతం 9 వేలు, మెట్ల కింద గది. ఆ గదికి తాళం వేసి నడిచి వెళ్తే అది పారిపోవడమా? మూడో అంతస్తు పెద్దాయన "బాధ్యత తెలియని మనుషులు" అని పెద్ద వ్యాసమే పెట్టారు. ఆయన మెయింటెనెన్స్ కట్టి నాలుగు నెలలైంది. మోటార్ వేయడానికి ఫ్లాటుకో రోజు వంతు పెట్టి, దానికి ఎక్సెల్ షీటు, మళ్ళీ అందులో రంగులు. మా ఫ్లాటుకి గులాబీ రంగు. మా ఆయన అది చూసి "నువ్వు చూసుకో" అన్నాడు. ఎప్పటిలాగే.

ఇంతకీ సినిమా. "ది కెప్టెన్" అని 2017 నాటి జర్మన్ సినిమా, రాబర్ట్ ష్వెంట్కే తీసినది. నలుపు-తెలుపు. మా ఆయన పది నిమిషాలు కూర్చుని "దీనికన్నా మన కోటబొమ్మాళి పీఎస్ నయం, పోలీసులే పోలీసుల్ని తరుముతుంటే ఎంత టెన్షన్!" అని లేచిపోయాడు. అది మలయాళం "నాయట్టు"కి రీమేక్ అని ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు. కానీ ఆయన మాటలో కొంత నిజముంది. అందులో ఎవరి పక్షాన ఉండాలో మనకి తెలుస్తూనే ఉంటుంది.

ఇందులో అదే తిరకాసు. 1945 ఏప్రిల్. యుద్ధం ఇంకో నెలలో అయిపోతుంది. విల్లీ హెరాల్డ్‌కి 19 ఏళ్ళు, సైన్యంలోకి రాకముందు పొగగొట్టాలు శుభ్రం చేసే పని నేర్చుకున్నవాడు. సైన్యం వదిలి పారిపోతున్న వాణ్ణి సొంతవాళ్ళే బండేసుకుని పొలాల్లో కుందేలుని తరిమినట్టు తరుముతుంటే మనం ఇక్కడ పరుగెడతాం. తర్వాత ఎవరో వదిలేసిన కారులో కెప్టెన్ యూనిఫాం దొరుకుతుంది. తొడుక్కుంటాడు. ఎదురైన సిపాయి నిటారుగా నిలబడి, వెంట రానివ్వమంటాడు. అక్కడినుంచి ఒక్కొక్కరే. ఆ కోటు ధైర్యంతోనే ఆషెండార్ఫర్‌మోర్ ఖైదీల శిబిరానికి వెళ్ళి 100 మందికి పైగా చంపిస్తాడు. ఇది కల్పన కాదు, జరిగినదే. చచ్చిన ఖైదీల్లో వాడిలాగే సైన్యం వదిలి పారిపోయి దొరికినవాళ్ళున్నారు.

మొదట నాకు డైరెక్టర్ మీదే కోపమొచ్చింది. హిట్లర్ సైన్యం అలా పారిపోయినవాళ్ళని వేలమందిని చంపింది, ఆ తీర్పుల్ని జర్మన్ పార్లమెంటు రద్దు చేసింది 2002లో. అంతమందిలో సినిమాకి ఈ రాక్షసుడే దొరికాడా అని.

ఈ కోపం సినిమా గురించి కాదేమో. పటాలం తాత గురించేమో.

మామ్మ వాళ్ళ మరిది. మాది మిలటరీ మాధవరానికి దగ్గర ఊరు. ఇంటికో సిపాయిని ఇచ్చిన ఊరు పక్కనే ఉండగా, మా తాత ట్రైనింగ్ మూడో నెలలో గోడ దూకి ఇంటికొచ్చేశాడు. వాళ్ళమ్మ గాదెలో దాచిందట, పగలు గాదెలో, రాత్రి చెరువు గట్టున. నాకీ సంగతి తెలియదు. పటాలం తాత అంటే యుద్ధం చేసొచ్చాడనే అనుకునేదాన్ని. సెలవులకి వెళ్ళినప్పుడల్లా కథలడిగితే చెప్పేవాడు కూడా, మంచు కొండలు, కంచర గాడిదలు, చేతివేళ్ళు కొంకర్లు పోవడం. ఒక్క కొండా ఎక్కలేదని మా అత్తయ్య చెప్పేసరికి నాకు పెళ్ళయిపోయింది. పారిపోతూ ఖాకీ స్వెట్టర్ మాత్రం తెచ్చుకున్నాడు. అది వేసుకుని రైలెక్కితే టీసీ టికెట్ అడిగేవాడు కాదట. కిటికీ పక్కన చోటిచ్చి మరీ కూర్చోబెట్టేవారట. అదే తాత, తాడేపల్లిగూడెం బస్టాండులో నిజం ఖాకీ కనబడితే తుండుగుడ్డ తలకి చుట్టేసుకుని స్తంభం వెనక్కి వెళ్ళేవాడు. అది నేను కళ్ళారా చూశాను. ఎండకనుకున్నాను.

ఆ స్వెట్టర్‌తో తాత చేసిన ఘోరం టికెట్ కొనకపోవడం. పైగా ఎవరూ ఆయనకి సెల్యూట్ కొట్టి "ఆజ్ఞ ఏమిటి?" అనలేదు. అనుంటే? ఏమో. ఇది రాస్తుంటే డైరెక్టర్ మీద కోపం తగ్గింది. ఆయన తీసింది పారిపోవడం గురించి కాదు, కోటు గురించి.

అయినా నన్ను తొలుస్తున్నది వేరే. చివర్లో వాణ్ణి పట్టుకుని కోర్టులో నిలబెడితే, ఎలాగో బయటపడతాడేమో అని ఊపిరి బిగబట్టి చూశాను. అన్ని చావులూ చూసిన తర్వాత! నిజం హెరాల్డ్ బ్రిటిష్ వాళ్ళకి దొరికింది రొట్టె దొంగతనం చేస్తూ. 1946 నవంబరులో తల తీశారు. 21 ఏళ్ళు. మా చిన్నదాని వయసే.

చిన్నది సాయంత్రం ఫోన్ చేసింది. ఇంటర్వ్యూ మొదటి రౌండ్ దాటిందట.

వాచ్‌మన్ విషయంలో గ్రూపులో వాడి పక్షాన రాద్దామని కూడా అనుకున్నాను, టైపు చేశాను కూడా. అప్పుడు గుర్తొచ్చింది, పిల్లాడి ఫీజుకని వాళ్ళావిడ పోయిన నెల నా దగ్గర 2 వేలు తీసుకుంది. శుక్రవారం గిన్నెలు తోముతూ కూడా ఒక్క మాట చెప్పలేదే! చెరిపేశాను. మూడో అంతస్తు ఆయన వ్యాసానికి బొటనవేలు గుర్తు పెట్టాను. సిగ్గుగానే ఉంది, కానీ తీసేయలేదు.

పైన ట్యాంకు నిండి పొర్లుతున్న చప్పుడు. ఈ రోజు గులాబీ రంగు. పక్కన మా ఆయన గురక ఠక్కున ఆగిపోయింది, అంటే మెలకువ వచ్చినట్టే. కళ్ళు మాత్రం తెరవడం లేదు. నేనూ వినపడనట్టే టైపు చేస్తున్నాను.