కుర్చీ దిగాకే అసలు ఆడమ్స్

జాన్ క్విన్సీ ఆడమ్స్ అమెరికాకు ఆరో ప్రెసిడెంట్. కానీ నాకు ఆయనంటే ఇంత అభిమానం ఆ నాలుగేళ్ళ పదవి వల్ల కాదు. వైట్‌హౌస్ ఖాళీ చేశాక, అరవై దాటిన వయసులో, మామూలు సభ్యుడిగా ప్రతినిధుల సభకు (అమెరికా కాంగ్రెస్‌లో దిగువ సభ) గెలిచి, పదిహేడేళ్ళు అక్కడ ఒంటికాలి మీద పోరాడాడే, అందుకు.

ముందు కథ త్వరగా చెప్పేస్తాను. 1767లో మసాచుసెట్స్‌లో పుట్టాడు, తండ్రి జాన్ ఆడమ్స్ రెండో ప్రెసిడెంట్. పద్నాలుగేళ్ళకే ఒక రాయబారికి ఫ్రెంచ్ దుబాసీగా సెయింట్ పీటర్స్‌బర్గ్ వెళ్ళాడు. పెద్దయ్యాక తనే హాలండ్, ప్రష్యా, రష్యా, బ్రిటన్‌లలో రాయబారి, ఆ తర్వాత ప్రెసిడెంట్ మన్రో దగ్గర విదేశాంగ మంత్రి. 1819లో స్పెయిన్ నుంచి ఫ్లోరిడాను రాబట్టిన ఒప్పందం ఆయన చేసిందే.

1824 ఎన్నికల్లో ఆండ్రూ జాక్సన్‌కు 99 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాల తరఫున ప్రెసిడెంట్‌ని ఎన్నుకునే ప్రతినిధుల ఓట్లు), ఈయనకు 84. ఎవరికీ మెజారిటీ లేక విషయం ప్రతినిధుల సభకు వెళ్తే, ఆ సభ స్పీకర్ హెన్రీ క్లే మద్దతుతో ఆడమ్స్ గట్టెక్కాడు, గెలవగానే అదే క్లేని విదేశాంగ మంత్రిని చేశాడు. ఇది జనానికి ఎలా కనిపిస్తుందో అంత అనుభవం ఉన్న మనిషికి తట్టకపోవడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. కుమ్మక్కయ్యారన్న మచ్చ పడింది. జాతీయ యూనివర్సిటీ, అబ్జర్వేటరీ, రోడ్లు, కాలవలు అంటూ వేసుకున్న ప్లాన్లలో చాలావాటిని కాంగ్రెస్ కదలనివ్వలేదు. 1828లో జాక్సన్ చేతిలో 178-83తో చిత్తుగా ఓడిపోయాడు, మరుసటి ఏడాదే పెద్ద కొడుకు జార్జ్ స్టీమర్ మీంచి నీళ్ళలో పడి చనిపోయాడు.

అంతటి దెబ్బ తిన్న మనిషిని 1830లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్ జిల్లా వాళ్ళు ప్రతినిధుల సభకు పోటీ చేయమన్నారు. ఇంట్లోవాళ్ళకు ఇష్టం లేదు. అయినా నిలబడి గెలిచాడు, ప్రెసిడెంట్‌గా ఎన్నికైనప్పుడు కూడా ఇందులో సగం తృప్తి కలగలేదని డైరీలో రాసుకున్నాడు.

అప్పట్లో బానిసత్వం రద్దు చేయమని ఉత్తరాది నుంచి వేలకొద్దీ అర్జీలు వచ్చేవి, వాటి మీద సంతకాలు చాలామటుకు ఆడవాళ్ళవి. ఓటు లేని వాళ్ళకు ప్రభుత్వంతో మాట్లాడటానికి ఉన్న దారి ఆ కాగితమే. 1836లో సభ ఒక రూల్ పెట్టింది, బానిసత్వం ఊసున్న ఏ అర్జీ వచ్చినా చదవరు, చర్చించరు, నేరుగా పక్కన పడేస్తారు. దాన్నే గ్యాగ్ రూల్, అంటే నోరు నొక్కే రూల్ అన్నారు. ఆడమ్స్ పట్టుకున్న పాయింట్ చాలా పదునైనది: బానిసత్వం మీద మీ అభిప్రాయం ఏదైనా కానివ్వండి, జనం అర్జీ పెట్టుకునే హక్కును ఎలా కాలరాస్తారు? బానిసత్వాన్ని పెద్దగా పట్టించుకోని ఉత్తరాది వాళ్ళు కూడా ఈ మాటకు కదిలారు.

1837 ఫిబ్రవరి 6న ఏం చేశాడో చూడండి. లేచి నిలబడి, నా దగ్గర బానిసలు పంపినట్టు చెబుతున్న అర్జీ ఒకటుంది, ఇరవై రెండు మంది పేర్లున్నాయి, ఇది మీ రూల్ కిందికి వస్తుందా రాదా చెప్పండి అని స్పీకర్ పోల్క్‌ని అడిగాడు. సభ అట్టుడికిపోయింది. ఈయన్ని అభిశంసించాలని, బహిష్కరించాలని కేకలు. రోజుల తరబడి ఆ రచ్చ నడిచింది. అంత గొడవలో అందులో ఏముందని ఆరా తీయడమే మర్చిపోయారు, తీరా ఆడమ్స్ చెప్పిందేమిటంటే ఆ అర్జీ బానిసత్వం రద్దు చేయొద్దని కోరుతోందని! అభిశంసన వీగిపోయింది. అర్జీల మీద మాట్లాడనివ్వకూడదని రూల్ పెట్టినవాళ్ళే ఒక అర్జీ గురించి రోజుల తరబడి మాట్లాడేలా చేశాడు.

1842లో మళ్ళీ అభిశంసన ప్రయత్నం జరిగింది. తన మీద తీర్మానం పెట్టగానే స్వాతంత్ర్య ప్రకటన మొదటి పేరా చదవమని సభ క్లర్కును అడిగి, దాదాపు రెండు వారాలు తన వాదన తనే వినిపించుకున్నాడు. అదీ నిలబడలేదు. చివరికి 1844 డిసెంబర్ 3న ఆయన తీర్మానం మీదే గ్యాగ్ రూల్ రద్దయింది.

ఆయన్ని దేవుణ్ణి చేయక్కర్లేదు. బ్రిటిష్ వాళ్ళ దగ్గరికి పారిపోయిన బానిసల కోసం యజమానులకు పరిహారం ఇప్పించమని బ్రిటన్‌తో బేరం ఆడిన దౌత్యవేత్త కూడా ఈయనే. విదేశాంగ మంత్రిగా ఉన్న కాలంలో బానిసత్వం మీద మనసులో కోపమంతా డైరీకే చెప్పుకున్నాడు, బయట నోరు మెదపలేదు. ఆ మౌనం నన్ను బాధపెడుతుంది. కానీ పదవి మీద ఆశ పోయాక అదే మనిషి, 1841లో, డెబ్బై మూడేళ్ళ వయసులో సుప్రీంకోర్టులో నిలబడి బానిసలుగా తరలిస్తుంటే తిరగబడి, చివరికి అమిస్టాడ్ ఓడలో పట్టుబడ్డ ఆఫ్రికన్ల తరఫున గంటల తరబడి వాదించాడు, కోర్టు గదిలో స్తంభానికున్న స్వాతంత్ర్య ప్రకటన వైపు చూపించి మరీ. మార్చి 9న వాళ్ళకు స్వేచ్ఛ ఇస్తూ తీర్పొచ్చింది.

1848 ఫిబ్రవరి 21న సభలో తన సీట్లోనే కుప్పకూలి, రెండు రోజులకు అదే భవనంలో చనిపోయాడు. దాదాపు డెబ్బై ఏళ్ళు రాసిన డైరీ మసాచుసెట్స్ హిస్టారికల్ సొసైటీ వాళ్ళు ఆన్‌లైన్‌లో పెట్టారు. మొత్తం చదవడం కష్టమే, 1841 మొదటి మూడు నెలలైనా తెరిచి చూడండి.