బర్డ్‌ల్యాండ్ టేబుల్ ఫోటో: కాలం తేల్చి స్కాన్ చేసిన తీరు

చేతికొచ్చింది 5×7 అంగుళాల నలుపు తెలుపు ప్రింటు. టేబుల్ చుట్టూ నలుగురు కస్టమర్లు, వాళ్ళ వెనక ట్రంపెట్ పట్టుకుని ఒక జాజ్ కళాకారుడు. పైన అట్ట ఫోల్డరు, దాని మీద న్యూయార్క్ జాజ్ క్లబ్బు బర్డ్‌ల్యాండ్ పేరు. ఆ రోజుల్లో నైట్‌క్లబ్బుల్లో కెమెరా అమ్మాయిలు టేబుల్ టేబుల్‌కీ తిరిగి ఫ్లాష్ బల్బుతో ఫోటో తీసేవారు. జనం ఇంటికి వెళ్ళేలోపే ప్రింటు వేసి, ఇలాంటి ఫోల్డరులో పెట్టి అమ్మేవారు.

ఫోల్డరు మీది పేరును వెంటనే నమ్మకూడదు. ఒకచోటి ఫోటో ఇంకోచోటి అట్టలోకి చేరడం మామూలే. అందుకే ముందు అట్ట లోపలి వైపు చూశాను. సరిగ్గా ప్రింటు అంచులు ఆనే చోట, అదే కొలతలో లేత గోధుమరంగు మచ్చ ఉంది. అంటే రెండూ ఏళ్ళ తరబడి కలిసే ఉన్నాయి. బర్డ్‌ల్యాండ్ తెరిచింది 1949 డిసెంబరులో, మూతపడింది 1965లో. ఆ పదహారేళ్ళ వ్యవధిని తగ్గించింది ట్రంపెటే: దాని గంట, అంటే శబ్దం బయటికొచ్చే వెడల్పాటి చివర, పైకి తిరిగి ఉంది. జాజ్ కళాకారుడు డిజీ గిలెస్పీ ట్రంపెట్ అలా వంగింది 1953 జనవరిలో, ఒక పార్టీలో ఎవరో మీద పడడం వల్ల. ఆ నాదం నచ్చి, తర్వాత అదే వంపుతో చేయించుకున్నాడు. కాబట్టి ఈ ఫోటో 1953కు ముందుది కాదు. ముఖం పోలికకంటే నేను వాయిద్యాన్నే ఎక్కువ నమ్ముతాను.

10 రెట్ల భూతద్దంలో చుక్కలు కనిపిస్తే అది అచ్చులో వేసిన బొమ్మ. ఇందులో లేవు. చీకట్లో 365 నానోమీటర్ల యూవీ టార్చి వేస్తే కాగితం నీలితెలుపుగా వెలగలేదు. వెలిగితే 1950కి ముందుది కాదనేవాళ్ళం. వెలగకపోతే ఏదీ తేలదు, ఎందుకంటే తెలుపు పెంచే రసాయనం లేని కాగితాలు తర్వాత కూడా వాడారు.

అసలు కష్టం స్కానింగులో వచ్చింది. హడావిడిగా వేసిన ప్రింట్లలో హైపోను, అంటే బొమ్మను స్థిరపరిచే రసాయనాన్ని, సరిగ్గా కడగరు. మిగిలిపోయిన హైపో వెండిని తినేసి పసుపు మరకలు తెస్తుంది. నల్లటి భాగాల అంచుల్లో వెండి పైకి తేలి, వంచి చూస్తే నీలంగా అద్దంలా మెరుస్తుంది. మొదట గ్రేస్కేల్‌లో స్కాన్ చేస్తే మరకలు ముఖాల మీద మసిలా పడ్డాయి. రెండోసారి 600 డీపీఐ, 48 బిట్ల రంగులో, ఆటో కరెక్షన్ ఆపేసి చేశాను. ఫైలు సుమారు 75 ఎంబీ టిఫ్. అందులోంచి ఎరుపు ఛానెల్ ఒక్కటే తీసుకుంటే పసుపు మరక దాదాపు మాయమైంది, నీలి మెరుపూ తగ్గింది. నీడల్ని కొంచెం ఎత్తగానే, ఫ్లాష్ అందని వెనక టేబుళ్ళూ గోడా కనిపించాయి. మరక ఉన్న రంగు ఫైలును కూడా మార్చకుండా దాచాలి, అదే అసలు రికార్డు.

చుట్టుకున్న ప్రింటును స్కానర్ మూతతో గట్టిగా నొక్కొద్దు, పైపొర పగులుతుంది. అట్ట ఆమ్లం ఫోటోకి అంటకుండా రెండిటినీ వేర్వేరు ఆమ్లరహిత కవర్లలో, ఒకే పెట్టెలో ఉంచాను. వివరాలు కవరు మీద పెన్సిల్‌తో రాశాను, అదీ ఫోటో లోపల పెట్టకముందే.